పోతా అనే మాట

మణిసైకత రాజ్యానికి తూర్పున, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడే ఇసుకతిన్నె మీద ఒక తిమింగలం చచ్చి పడి ఉంది. అది చచ్చి నూరేళ్ళయిందంటారు. కుళ్ళడం మాత్రం ఇంకా పూర్తి కాలేదు. దాని పక్కటెముకలు దేవేంద్రసభ స్తంభాల్లా ఆకాశానికి వంగి, నడిమధ్య వెండి తోరణంలా కలుసుకుంటాయి. ఉదయపు ఎండ వాటి సందుల్లోంచి దిగి, నేల మీద బంగారు జరీ పరిచినట్టుంటుంది. ఆ జరీ మీదే చీము కారుతూ ఉంటుంది. పైనుంచి కొవ్వు చుక్కలు చుక్కలుగా రాలుతుంది. దీన్నే పూతిగంధుడనే మాంత్రికుడు ఆటమండపం చేసుకున్నాడు.

అక్కడ పందెం బంగారం కాదు, పిలుపు. అన్నా, నాన్నా, వదినా అని మనల్ని ఎవరో ఒకరు పిలుస్తారే, ఆ పిలుపు. శంఖంలోకి ఊది పెట్టాలి. ఓడితే ఆ శంఖం మాంత్రికుడిది. ఆ పిలుపు పిలిచినవాళ్ళకి ఇక మనం ఎవరమో తెలియదు. కొన్నిసార్లు మరీ దిగజారినవాళ్ళు, తాము ఇతరులను పిలిచే పిలుపు కూడా పెడతారు. నెలకొక్క రోజే ఆట. ఆ రోజు మధ్యాహ్నం పోటు వచ్చే వేళకి మాంత్రికుడు ముందటి నెల గెలిచిన శంఖాలన్నీ ముందు పెట్టుకుని, నత్తల్ని పీల్చినట్టు ఒక్కొక్కటే పీల్చేస్తాడు. అంతటితో ఆ పిలుపు లోకంలో ఉండదు.

తరళ వచ్చింది ఒక్క శంఖం కోసం. ఆమె వలలు అల్లుకునే మనిషి. ఆమె తమ్ముడు భద్రకుడు, రాజుగారి పడవల నాయకుడు, పోయిన నెల ఈ ఆటలో కూర్చుని ‘అక్కా’ అన్న పిలుపు ఓడిపోయాడు. ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడి, ఆమెను చూసి, “ఎవరమ్మా నువ్వు? మా ఇంట్లో ఏం చేస్తున్నావు?” అన్నాడు. ఈ రోజు పోటు వచ్చేలోగా ఆ శంఖం చేతికి రాకపోతే, ఆ మాటే అతను ఆమెతో అన్న చివరి మాట అవుతుంది.

ఆడవాళ్ళని మండపంలోకి ఊడవడానికి తప్ప రానివ్వరు. అందుకే ఆమె మీసం అంటించుకుని, తలపాగా చుట్టి, ముత్యాల వర్తకుడు నాగసెట్టి అయింది. ఆమెను తిన్నెకు దాటించిన పడవ తమ్ముడిదే. దారంతా అతను తెడ్డు వేస్తూ, “జాగ్రత్త సెట్టిగారూ, లోపల నేల జారుద్ది” అంటూనే ఉన్నాడు. పరాయివాళ్ళ మీద కూడా వాడికింత దయ ఉందా అనుకుంటూ ఆమె మొహం సముద్రం వైపు తిప్పుకుంది.

ఇద్దరూ తిన్నె ఎక్కాక, తాడు కట్టడానికి అతను వెనుదిరిగి నాలుగడుగులు వేశాడు. తరళ ఇసుక వైపు చూసి ఉలిక్కిపడింది. అతను నడిచింది పడవ వైపు. అడుగుల వేళ్ళు మాత్రం తిమింగలం వైపు తిరిగి ఉన్నాయి.

“ఇదేంటయ్యా?”

“నా ఖర్మ” అన్నాడు భద్రకుడు. “ఓడి లేచేటప్పుడు అలవాటు కొద్దీ ‘వెళ్ళొస్తా’ అన్నాను సెట్టిగారూ. వస్తానన్నవాడు రావలసిందేనంట. ఇక ప్రతి నెలా ఈ రోజుకి కాళ్ళే లాక్కొస్తాయంట, ఇవాళ లాక్కొచ్చేశాయి. పెట్టడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదని ఆ మాంత్రికుడు పడవ లాగిస్తున్నాడు. మీరు మాత్రం ఆ మాట అనకండి.”

తిమింగలం వెనుక, తోక దగ్గర, ఒక ముసలామె తమ్మపడిగ కడుగుతూ కనిపించింది. మాంత్రికుడు తాంబూలం నమిలి ఉమ్మే ఇత్తడి గిన్నె అది. ఆమె చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. కంపుకి తరళ పైపంచె ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

“అవ్వా, ఆట ఎప్పుడు మొదలవుతుంది?”

ముసలామె చేతిలోని గిన్నె జారి ఇసుకలో పడింది. ఆమె తలెత్తి చూసింది.

“ఏమన్నావ్?”

“అవ్వా అన్నాను.”

“నన్నెవరైనా ఏదో ఒకటి అని పిలిచి పదిహేనేళ్ళయింది” అంది ముసలామె. “అన్నీ ఇక్కడే ఊడ్చిపెట్టాను. ‘ఏయ్, పడిగ!’ అంటాడు వాడు, అంతే. అది నన్నో, గిన్నెనో తెలీదు.” ఆమె దగ్గరకు వచ్చి మీసం కొసను వేలితో తట్టింది. “జిగురు ఊడుతోంది పిల్లా. ఎవరి కోసం వచ్చావు?”

దాచి లాభం లేదని తరళ చెప్పింది. ఆట తెలుసా అని అవ్వ అడిగింది. ఇవాళ్టిదాకా ముక్క పట్టలేదని తరళ చెప్పింది.

“ఛీ, నా బతుకు! ఈ పెంట మళ్ళీ ఒకరికి నేర్పాలి” అని అవ్వ తడి ఇసుక మీద ఉమ్మి, కూలబడి, కొంగులోంచి మాసిన గుండ్రటి ముక్కలు తీసింది. “దీని పేరు ముసుగాట. విను. రాజు పెద్ద ముక్క. తర్వాత మంత్రి, ఏనుగు, గుర్రం, పడవ. అన్నిటికీ కింద బంటు. ఆట మొదలవకముందే తలా ఒక శంఖం నడుమ పెట్టాలి. ఒక్కొక్కరికి రెండు ముక్కలు ముసుగులో పంచుతారు. అవి నీకు తప్ప ఎవరికీ కనపడవు. తర్వాత అందరికీ కలిపి మూడు ముక్కలు నడుమ తెరుస్తారు. అవి అందరివీ. ఒకే బొమ్మ రెండుంటే జంట. మూడుంటే జంటని కొడుతుంది. ఇద్దరికీ జంటలుంటే పెద్ద బొమ్మది గెలుపు. తెలిసిందా?”

“తెలిసింది. గెలవడం ఎలా?”

“ముందు పోవడం నేర్చుకో” అంది అవ్వ. “నీ వంతు వచ్చినప్పుడు మూడే మాటలు: ఎదుటివాడు పెట్టినంత పెట్టడానికి ఒకటి, ఇంకా ఎక్కువ పెట్టడానికి ఒకటి, వదిలేయడానికి ఒకటి. నిలుస్తా. పెంచుతా. పోతా. ముక్కలు బాగాలేకపోతే ‘పోతా’ అని కింద పడేసి ఊరుకోవాలి. పెట్టిన ఒక్క శంఖంతో పోతుంది. ఏదీ, అను.”

తరళ నోరు తెరిచింది. మాట రాలేదు.

వచ్చేదెలా? సముద్రం మీద బతికే ఊళ్ళో పుట్టిన పిల్ల. గడప దాటేవాడెవడూ పోతానని అనడు. బావికి వెళ్ళినా వెళ్ళొస్తానే, కాటికి వెళ్ళినా వెళ్ళొస్తానే. ఎనిమిదేళ్ళ కిందట ఆమె తల్లి ఆఖరి ఊపిరి విడుస్తూ కూడా, “వెళ్ళొస్తానే పిచికా” అంది. పిచికా అని ఆమెను పిలిచింది ఆ తల్లి ఒక్కతే.

“చూశావా?” అంది అవ్వ అసహ్యంగా నవ్వి. “వాడి మాయంతా ఇక్కడే ఉంది. ఈ రాజ్యంలో ఎవరి నోటికీ ఆ మాట రాదు. చెత్త ముక్కలు పట్టుకుని, నిలుస్తా, నిలుస్తా అంటూ సంసారాలన్నీ నడుమ పోస్తారు. పది ఆటల్లో ఏడెనిమిది పారేయాల్సినవేనే పిచ్చిదానా! నేనూ నీలాగే మీసం అంటించుకుని కూర్చుని ఒక్కటీ పారేయలేదు. అను!”

“పో...”

“గట్టిగా!”

“పోతా!” అని అరిచి తరళ ఏడ్చేసింది.

“ఏడు. ఇక్కడే ఏడు. లోపల వద్దు” అంది అవ్వ, ముక్కలు మళ్ళీ కలుపుతూ. “వాడికి ఎడమపక్కన కూర్చో. వాడు మాట్లాడాక నీ వంతు వస్తుంది. ఎదుటివాడి మాట విన్నాక మాట్లాడేవాళ్ళది పైచేయి. నడుమ పెట్టిన శంఖం నీది కాదనుకో. అయ్యో, ఇంత పెట్టానే అని దాని వెంట ఇంకోటి పంపకు. బూటకం ఆడకు. భయపడి పారేసేవాళ్ళ దగ్గరే బూటకం చెల్లుతుంది. ఇక్కడ ఎవరూ పారేయరు. నీ ముక్కలు ఒకసారి చూసుకుని వదిలెయ్. తర్వాత వాడి మొహం చూడు.”

“మొహంలో ఏముంటుంది?”

అవ్వ పడిగ ఎత్తి చూపించింది. “పదిహేనేళ్ళుగా వాడి ఉమ్మి మోస్తున్నాను. మంచి ముక్కలు పడితే వాడు ఉమ్మడు. తాంబూలం బుగ్గన పెట్టుకుని చప్పరిస్తూ ఉంటాడు. అబద్ధమాడేటప్పుడు నోరు ఊరిపోతుంది. అప్పుడు పడిగ అడుగుతాడు. ఆ సంగతి వాడికీ తెలీదు. గిన్నె మోసేదానికి తప్ప ఎవరికి తెలుస్తుంది?”

లోపల శంఖం మోగింది.

తరళ తిమింగలం దవడ దాటి అడుగు పెట్టింది. నేలంతా తాంబూలపు మరకలు. కొవ్వు దీపాలు పగలే వెలుగుతూ, మాడిన వెంట్రుకల వాసన వేస్తున్నాయి. నడుమ, తిమింగలం నాలుక ఎండి అట్టకట్టిన తివాచీ మీద, పూతిగంధుడు కూర్చుని ఉన్నాడు. పట్టుబట్టలు, పది వేళ్ళకి పది ఉంగరాలు, గోళ్ళ కింద నల్లటి మట్టి. మెడలో శంఖాల దండ. అతను నవ్వితే ఎర్రటి చొంగ గడ్డం మీదుగా జారి ఆ శంఖాల మీద పడుతోంది. అందులో ఒకటి తన తమ్ముడిది.

“రా సెట్టీ, రా! ఎన్ని ఊదుతావు?”

“ఎనిమిది” అని తరళ అతని ఎడమపక్కన కూర్చుని ఎనిమిది శంఖాల్లోకి ఊదింది. ఎదురుగా అప్పటికే గండరాయుడనే మన్నెపు దొర కూర్చుని మీసం దువ్వుతున్నాడు. అతని ముందు ఇరవై శంఖాలున్నాయి.

మొదటి ఆట. తరళకి పడవ, బంటు వచ్చాయి. చెత్త. “పోతా” అంది. మాట బయటకు వచ్చేసరికి దొర తొడ చరిచి నవ్వాడు.

“ఛీ ఛీ! అదేం మాటయ్యా సెట్టీ, శుభమా అని కూర్చుంటే! మా వంశంలో ఆ మాట పుట్టలేదు!”

ఆ ఆట మాంత్రికుడే గెలిచాడు. గెలిచిన శంఖాల్లో తరళది తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అతని కనుబొమలు పైకి లేచాయి.

“ఏం సెట్టీ, నిన్ను ‘పిన్నీ’ అని పిలుస్తారా?”

మండపం గొల్లుమంది. దొర ఎగిరొచ్చి మీసం పట్టి లాగాడు. సగం ఊడి చేతికొచ్చింది. కానీ మాంత్రికుడు చెయ్యెత్తాడు.

“వదిలెయ్ దొరా. శంఖానికి మీసాలుండవు. ఆడపిల్ల పిలుపులు ఇంకా తియ్యగా ఉంటాయి” అని పెదవులు నాకాడు. “ఆడు పిల్లా, ఆడు.”

తరళ ఊడినంత మీసాన్ని ఊడినట్టే వదిలేసి ఆడింది. రెండో ఆట, పోతా. వదినా అన్న పిలుపు వెళ్ళిపోయింది. మూడో ఆటలో దొర ఒంటి మంత్రి పట్టుకుని, నిలుస్తా, పెంచుతా అంటూ పన్నెండు శంఖాలు పోశాడు. తరళ ముక్కల వంక చూడలేదు. మాంత్రికుడి బుగ్గ వంక చూసింది. బుగ్గ ఉబ్బి ఉంది, దవడ మెల్లగా ఆడుతోంది. పడిగ అడగలేదు. “పోతా” అంది. చివరికి ముసుగు తీస్తే మూడు ఏనుగులు! దొర మొహం పాలిపోయింది.

“అందులో మా చిన్నవాడి ‘నాన్నా’ ఉంది” అన్నాడు నీరసంగా.

“ఉండదా మరి” అన్నాడు మాంత్రికుడు.

“ఇంకో ఆట!”

ఇంకో ఆటలోనూ తరళ పోతా అంది, దొర మిగిలినవీ పోశాడు. పోటీకి పెట్టడానికి చాలక, భార్యను తను పిలిచే ముద్దుపేరు కూడా ఊదాడు. చూస్తున్న తరళకి ఆ కుళ్ళు కొవ్వు కంపు కంటే ఇదే రోతగా తోచింది. నాలుగు ముక్కల బొమ్మల కోసం, ఎదురుచూసే ఇల్లాలి పేరు! అదీ పోయింది. దొర తూలుతూ లేచి, “ఇవాళ నా రోజు కాదు. వెళ్ళొస్తా. వచ్చి మీ అంతు చూస్తా!” అన్నాడు.

“తప్పకుండా రావాలి దొరా” అన్నాడు పూతిగంధుడు ఎంతో మర్యాదగా.

ఇక ఇద్దరే మిగిలారు. ఐదో ఆట, పోతా. ఆరో ఆట, పోతా. ఒక్కొక్క మాటకీ ఊళ్ళో ఒక్కొక్క ఇంటి తలుపు ఆమె మొహం మీద మూసుకుంటోంది. దవడల దగ్గర నీటి చప్పుడు మొదలైంది. పోటు వస్తోంది. మాంత్రికుడు దండలోంచి ఒక శంఖం తీసి, రుచి చూద్దామని చివర చప్పరించి మళ్ళీ వదిలాడు.

ఏడో ఆటకి తరళ ఏడో శంఖం నడుమ పెట్టింది. ముసుగు ఎత్తి చూసింది. ఏనుగు, గుర్రం. నడుమ మొదటి ముక్క తెరుచుకుంది. గుర్రం! ఆమెకు జంట పడింది. రెండోది, బంటు. మూడోది, రాజు.

రాజు కనపడగానే మాంత్రికుడు పది శంఖాలు ముందుకు తోశాడు. “పెంచుతున్నా.”

అతని ముసుగులో ఇంకో రాజు ఉంటే గుర్రాల జంట గడ్డిపోచతో సమానం.

“నా దగ్గరున్నది ఒక్కటే” అంది తరళ. “నీ పదీ నాకొద్దు. నేనడిగిన ఒక్కటి పెట్టు. నీ దండలో పోయిన నెల గెలిచింది. ‘అక్కా’ అన్నది.”

“అబ్బో! నీ ఒక్కదానికి అంత విలువేంటో?”

“మా అమ్మ నన్ను పిలిచిన పిలుపు. ఆమె కాలం చేసి ఎనిమిదేళ్ళు.”

పూతిగంధుడి కళ్ళు మెరిశాయి. చచ్చినవాళ్ళ పిలుపు మళ్ళీ పుట్టదు. లోకంలో అలాంటిది ఒక్కటే ఉంటుంది. అతను దండ తెంపి ఒక చిన్న తెల్ల శంఖాన్ని నడుమ పెట్టాడు. చొంగతో తడిసి ఉంది అది.

“ఇదిగో. నువ్వూ పెట్టు. లేకపోతే ‘పోతా’ అను. నీకు బాగా అలవాటైన మాటే కదా!”

నీళ్ళు నాలుక తివాచీ అంచుని తాకాయి. తరళ శంఖాన్ని గుప్పిట్లో బిగించి అతని బుగ్గ వైపు చూసింది. బుగ్గ కదలడం లేదు. పోతా అంటే అమ్మ మిగులుతుంది, తమ్ముడు పోతాడు. నిలుస్తా అంటే ఇద్దరూ పోవచ్చు. ఆమె ఎదురుచూసింది. అతని గొంతులో ముడి ఒకసారి కిందికీ పైకీ ఆడింది. పెదవుల మూల ఎర్రగా ఊరింది.

“ఏయ్, పడిగ!” అన్నాడు.

అవ్వ వచ్చి గిన్నె పట్టింది. ఆమె ఎవరి వైపూ చూడలేదు. మాంత్రికుడు వంగి నోటినిండా ఉన్నదంతా కక్కినట్టు ఉమ్మాడు.

“నిలుస్తా” అని తరళ శంఖం పెట్టేసింది.

పూతిగంధుడు ముసుగు తీశాడు. మంత్రి. పడవ. దేనికీ జంట లేదు.

ఆమె తన గుర్రాన్ని నడుమ ఉన్న గుర్రం పక్కన పెట్టి, ఆ రెండు శంఖాలతో పాటు తన ఏడోదీ లాక్కుని ఒళ్ళో వేసుకుంది. మాంత్రికుడు కోపం తెచ్చుకుంటాడనుకుంది. అతను గడ్డం తుడుచుకుని నవ్వాడు.

“భేష్! గెలిచినవాళ్ళని ఈ తిమింగలం ఆపదు. కానీ పిల్లా, నీ పిన్నీ, వదినా, అన్నీ ఇక్కడే ఉన్నాయి చూడు. ఇప్పుడు చెయ్యి తిరిగింది నీకు. ఒక్క ఆట. పోగొట్టుకున్నవన్నీ తెచ్చుకోవచ్చు.”

ఆ శంఖాలు ఎండలో తళతళలాడాయి. ఒక దానిలోంచి, సన్నగా, పక్కింటి పాప గొంతు వినిపించినట్టయింది. తరళ చెయ్యి ముందుకు కదిలింది. మళ్ళీ ఆగింది.

“పోయినవి పోయాయి” అని లేచి నిలబడింది. “పోతున్నా.”

మాంత్రికుడి నవ్వు మొదటిసారి ఆరిపోయింది.

ఆమె పరుగెత్తింది. మోకాళ్ళ లోతు నీళ్ళు. కొవ్వు తెట్టెలు కాళ్ళకి చుట్టుకుంటున్నాయి. వెనుక అతను చేతికందిన మొదటి శంఖాన్ని పీల్చిన చప్పుడు వినిపించింది, జుర్రుమని. అలకి ఒక ఎముక విరిగి పక్కనే కూలింది. ఆమె దాన్ని దాటి, జారి, లేచి, దవడ దగ్గరకు చేరింది.

అక్కడ నిలబడి ఉంది అవ్వ. నడుము దాకా నీళ్ళలో, రెండు చేతులా పడిగ పట్టుకుని. ఆమెను తీసుకెళ్ళడానికి లేదు. అన్నీ ఇక్కడే ఊడ్చిపెట్టిన మనిషి, ఆమె కాళ్ళు ఈ తిన్నె దాటి రావు.

“పో, పో!” అంది అవ్వ. “నిలబడకు.”

“సరే” అంది తరళ ఏడుస్తూ, రొప్పుతూ, శంఖాలను గుండెకు అదుముకుని, ఇరవై నాలుగేళ్ళుగా ఏ గడప దగ్గరైనా అన్నట్టే అనేసింది. “వెళ్ళొస్తానవ్వా!”

అవ్వ మొహంలో రక్తం ఇంకిపోయింది. లోపల్నుంచి పూతిగంధుడి నవ్వు ఎముకలన్నీ మోగేలా వినిపించింది.

తరళ ఆగలేదు. తడి ఇసుక మీద పడవ దాకా ఉరికి, శంఖాన్ని పైపంచెతో మూడుసార్లు తుడిచి, తమ్ముడి చెవికి ఆనించింది. భద్రకుడు ఒక్కసారి వణికాడు. తెడ్డు నీళ్ళలో పడిపోయింది.

“అక్కా!” అన్నాడు. తర్వాత కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. “అక్కా, నీకు సగం మీసం ఏంటే?”

ఆమె నవ్వుతూ, ఏడుస్తూ వాణ్ణి కావలించుకుంది. కానీ భద్రకుడు నవ్వడం మానేశాడు. అతను ఆమె భుజం మీదుగా తిన్నె వంక చూస్తున్నాడు.

తిమింగలం నుంచి పడవ దాకా ఆమె అడుగులు వరుసగా ఉన్నాయి. వాటి వేళ్ళన్నీ తిమింగలం వైపే తిరిగి ఉన్నాయి. అల వచ్చి వాటిని తుడిచేసింది. అల వెనక్కి తగ్గగానే అవి మళ్ళీ తేలాయి.

“అక్కా” అన్నాడు అతను మెల్లగా. “లోపల ఎవరితో ఏమన్నావు?”

తరళ వెనక్కి తిరిగి చూసింది. దూరంగా, దవడల మధ్య, ఇత్తడి గిన్నె ఒకటి ఎండకి మెరుస్తోంది.

“వస్తానన్నాను” అంది.